లాఫ్కాడియో హెర్న్: జపాను దేశమున ఒక ఆంగ్లోపాధ్యాయుడు

పరదేశమున విద్య గరపబోవు ఉపాధ్యాయునకు తాను నేర్పవలసిన పాఠములకంటె తాను నేర్చుకొనవలసినవే హెచ్చుగా నుండును. ఇందుకు నిదర్శనముగా, జపాను దేశమున ఆంగ్లోపాధ్యాయుడై, తుదకు ఆ దేశస్థుడే యైన లాఫ్కాడియో హెర్న్ చరిత్రమును మన విద్యార్థుల యెదుట నుంచుచున్నాము.

ఈయన 1850 వ సంవత్సరము జూను 27 వ తేదీన, నాడు బ్రిటిషువారి రక్షణలో నుండిన లెఫ్కాడా యను గ్రీకు ద్వీపమున జన్మించెను. తండ్రి ఐర్లండు దేశీయుడగు సైనిక వైద్యుడు. తల్లి గ్రీకు వనిత. రెండేండ్ల ప్రాయమున బాలుడు డబ్లిను నగరమునకు తేబడెను. కొలదికాలమునకే తల్లి స్వదేశమునకు మరలిపోగా, బంధువగు నొక వృద్ధురాలు అతనిని పెంచెను. పదునారవ యేట పాఠశాలలో ఆటలాడుచుండగా దెబ్బ తగిలి ఎడమకన్ను పోయెను. 1869 లో ఒంటరిగా అమెరికా చేరి, సిన్సినాటి నగరమున ఆకలిబాధ ననుభవించి, పిదప అచ్చటను న్యూ ఆర్లియన్సు నందును పత్రికారచయితగా పేరుగాంచెను.

1890 ఏప్రిలు నెలలో ఒక అమెరికా పత్రికకు వ్యాసములు వ్రాయుటకై జపాను చేరెను గాని, ప్రచురణకర్తలతో పొత్తు కుదరక ఆ పని మానుకొనెను. చేత ధనము లేదు, దేశభాష రాదు, వయస్సు నలువది యేండ్లు. ఆ దినములలో జపాను ప్రభుత్వమువారు పాశ్చాత్య విద్యలకై విదేశీయులను ఉపాధ్యాయులుగా నియమించుచుండిరి. టోకియో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన చేంబర్లేన్ పండితుని సాయమున హెర్నునకు మాత్సుయే పట్టణపు మాధ్యమిక పాఠశాలలోను, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోను నెలకు 100 యెన్నుల జీతముపై ఆంగ్లము బోధించు పని దొరకెను.

ఆగస్టు మాసాంతమున ఆ పట్టణము చేరిన హెర్నునకు నిషిదా సెంతారో యను సహోపాధ్యాయుడు తోడునీడయై నిలిచెను. ఆయన ఆంగ్లము బాగుగా నెరిగినవాడు. క్రొత్త ఉపాధ్యాయుని అధికారుల యొద్దకు గొనిపోయి, బడి నియమములను, ఊరి మర్యాదలను వివరించి చెప్పెను. పరదేశమున ఇట్టి మిత్రుడొక్కడు దొరకుట సగము కష్టము తీరుటయే యని మేము తలంచెదము.

హెర్ను తన విద్యార్థులకు వారు కనివిని యెరుగని పరదేశ విషయములకు మారుగా, వారి పండుగలను, పురుగులను, పుష్పములను, పూర్వగాథలను గూర్చి ఆంగ్లమున వ్యాసములు వ్రాయుమని చెప్పెడివాడు. అందువలన బాలురు తామెరిగిన దానిని పరభాషలో చెప్పగలిగిరి. ఉపాధ్యాయుడు ఆ వ్యాసములవలననే ఆ దేశపు హృదయమును తెలిసికొనెను. బాలురు ఆయన యింటికి వచ్చి, తమ పూర్వుల నాటి చిత్రపటములను తెచ్చి చూపుచుండిరి. వారిలో వడ్రంగి కుమారుడైన ఒక తెలివిగల బాలుడు వ్యాధిగ్రస్తుడై, మరణమునకు ముందు బడిని మరియొకమారు చూడగోరెను. ముదుసలి సేవకుడొకడు ఆ బాలుని రాత్రివేళ వీపున మోసికొనిపోయి, తన తరగతి కిటికీలను చూపి తెచ్చెను. ఈ సంగతిని హెర్ను తన గ్రంథమున వ్రాసి యుంచుటచేతనే ఆ పేదబాలుని చదువుపై ప్రీతి మనకు నేడు తెలియుచున్నది.

ఆ చలికాలపు మంచు ఆయనను రోగపీడితుని చేసెను. 1891 లో, కలిమి తొలగిపోయిన యోధవంశమునకు జెందిన సెత్సు యను యువతి ఆ యింటి భారము వహించి, పిదప ఆయనకు భార్య యయ్యెను. ఇరువురకు నొకరి భాష మరియొకరికి చక్కగా రాదు. తప్పులతోడి సులభమైన జపాను మాటలతో వారు సంభాషించుకొనుచు, దానితోనే జీవితమంతయు గడపిరి. ఆమె చెప్పిన పాతకథలే ఆయన గ్రంథములలో పెక్కింటికి ఆధారమయ్యెను.

ఆ సంవత్సరము నవంబరులో ఆయన దక్షిణముననున్న కుమామోటో కళాశాలకు వెడలునపుడు మాత్సుయే విద్యార్థులు ఒక ఖడ్గమును బహూకరించిరి. కుమామోటోలో జీతము రెట్టింపైనను, మాత్సుయేలోని ఆప్యాయత లభింపలేదు. సహోపాధ్యాయుల నడుమ ఒంటరితనము ననుభవించెను. ఒక ఊరు మనసున కెక్కినంతమాత్రమున దేశమంతయు అట్లే యుండునని తలంపరాదని దీనివలన తెలియుచున్నది. అయినను అచ్చటనే 1893 లో ప్రథమ పుత్రుడు కజువో జన్మించెను.

పుత్రుడు కలిగిన పిమ్మట హెర్నునకు పెద్దచింత కలిగెను. తాను బ్రిటిషు ప్రజగా నుండి మరణించినచో భార్యాబిడ్డల గతి యేమి? భార్యను బ్రిటిషు ప్రజగా చేసినచో ఆమె స్వదేశమున పరదేశి యగును. తానే జపాను ప్రజ యైనచో, స్వదేశీయుల జీతములు విదేశీయుల జీతములకంటె మిక్కిలి తక్కువ గనుక తనకు నష్టము రావచ్చును. ఇదంతయు నెరిగియు, 1896 లో భార్య యింటిపేరును గ్రహించి, కొయిజుమి యాకుమో యను నామమున జపాను పౌరుడయ్యెను. యాకుమో యనగా ఎనిమిది మేఘములు. మాత్సుయే యున్న ఇజుమో ప్రాంతమునకు సంబంధించిన ప్రాచీనపదము అది.

ఆ సంవత్సరమే టోకియో రాజకీయ విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్య బోధకుడై 1903 వరకు పనిచేసెను. విద్యార్థులు వ్రాసికొనుటకు వీలుగా మెల్లమెల్లగా చెప్పెడివాడు. వారు శ్రద్ధతో వ్రాసికొన్న ప్రతులవలననే ఆ ఉపన్యాసములు 1915 లో గ్రంథరూపము దాల్చెను. విశ్వవిద్యాలయమువారు పూర్వపు షరతులపై కొనసాగింపకపోగా ఆయన కొలువు వదలవలసి వచ్చెను. విద్యార్థులు ఆయన పక్షమున మొరపెట్టుకొనిరి గాని ఫలింపలేదు. 1904 లో వాసెదా విద్యాలయమున కొలదినెలలు బోధించి, ఆ సంవత్సరము సెప్టెంబరు 26 వ తేదీన హృద్రోగముచే 54 వ యేట మృతినొందెను.

ఆయన జపాను లిపిని చక్కగా చదువజాలడయ్యెను. అయినను ఆ దేశమున ఆయనకు ఇల్లు దొరకెను; ఏలయన, అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడలేదు, చెప్పినవారి మాటను చిన్నచూపు చూడలేదు. మాత్సుయేలో ఆయన నివసించిన యిల్లు నేటికిని భద్రముగా కాపాడబడుచున్నది. దూరదేశములకు చదువునకో కొలువునకో పోదలచిన మన బాలబాలికలు ఈ ఒంటికంటి ఉపాధ్యాయుని ఓర్పును, వినయమును మనమున నుంచుకొందురు గాక.