చందమామలో పేరు కనిపించని పెద్దాయన: కొడవటిగంటి కుటుంబరావు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఒక మహనీయుడి జీవితం రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. ఎవరి గురించి రాయాలా అని పాత బ్యాచ్ వాళ్లం నలుగురం కోట బస్టాండు దగ్గర టీ తాగుతూ మాట్లాడుకున్నాం. గాంధీ గారు, అంబేద్కర్ గారు, పొట్టి శ్రీరాములు గారు ఇదివరకటి సంచికల్లో వచ్చేశారు. అప్పుడు మాలో బొమ్మలేసే మిత్రుడు తన కష్టం ఎత్తుకున్నాడు. హాస్టల్లో ఉన్నప్పుడు స్టడీ అవర్లో లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో గళ్లు గీసి బొమ్మల కథలు వేసేవాడే, అతనే. ఇప్పుడు ఒక పెద్ద సంస్థలో బొమ్మలు వేస్తున్నాడు. జీతం నెలనెలా వస్తుంది, బొమ్మ కింద పేరు మాత్రం ఉండదు. మానేసి సొంతంగా బొమ్మల పుస్తకం వేసుకుందామంటే ఇంటి అద్దె గుర్తొస్తుంది. అతని మాటలు వింటుంటే మాకు కుటుంబరావు గారు జ్ఞాపకం వచ్చారు. అందుకే ఈ వ్యాసం.

మేం హాస్టల్లో చేరిన రోజుల్లో లైబ్రరీ అంటే ఒక చెక్క బీరువా. అందులో అట్టలు ఊడిపోయిన చందమామలు ఉండేవి. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ చూడనివాడు మాలో లేడు. కథలైతే చదివాంగానీ అవి ఎవరు రాశారో మాకు తెలియదు. పత్రిక మీద సంపాదకుడిగా చక్రపాణి గారి పేరు ఉండేది. లోపల ఆ తెలుగును అంత తేటగా నడిపిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు.

ఆయన 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రినీ తల్లినీ పోగొట్టుకున్నారు. గుంటూరులో, తర్వాత విజయనగరం మహారాజా కళాశాలలో చదివి భౌతికశాస్త్రంలో బి.ఎ. పూర్తి చేశారు. ఎమ్మెస్సీకి కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అవి 1930 నాటి ఆర్థికమాంద్యపు రోజులు. డబ్బు చాలక ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఫీజు కట్టలేక చదువు ఆపేసిన వాళ్లు మన హాస్టల్లోనూ ఉన్నారు కాబట్టి ఈ మాట దగ్గర మేం కాసేపు ఆగిపోయాం. ఆగిన ఆ సైన్సు చదువును ఆయన మాత్రం బుర్రలోంచి తీసేయలేదు. ముసలితనం దాకా సైన్సు వ్యాసాలు రాస్తూనే ఉన్నారు.

తర్వాత ఇరవయ్యేళ్లూ రకరకాల ఉద్యోగాలు. సిమ్లా దాకా వెళ్లి గుమాస్తా పని చేశారు, బొంబాయిలో ఉన్నారు, మద్రాసు చేరారు. కథలు, నవలలు, సినిమా వ్యాసాలు ఆపకుండా రాశారు. కథలకు వచ్చే డబ్బుతో సంసారం గడిచే కాలం కాదది. ఇప్పుడు మాత్రం గడుస్తుందా అంటే అది వేరే సంగతి. 1950 ప్రాంతంలో కొంతకాలం ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేశారు. 1952లో చందమామలో చేరారు.

చందమామను 1947 జులైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టారు. చక్రపాణి గారిదీ తెనాలే. నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. వాళ్లకు మద్రాసు వడపళనిలో సొంత ప్రెస్సు ఉంది, విజయా సంస్థ సినిమాలు ఉన్నాయి. తెలుగు, తమిళాలతో మొదలైన పత్రిక చూస్తుండగానే పది భాషలు దాటింది. తెలుగులో రాసిన కథే మిగతా భాషల్లోకి అనువాదమై వెళ్లేది. అంటే వడపళనిలో ఒక బల్ల ముందు కూర్చుని కుటుంబరావు గారు దిద్దిన వాక్యం హిందీ పిల్లవాడికీ మరాఠీ పిల్లవాడికీ కూడా చేరేదన్నమాట. ఎవరు దిద్దారో ఆ పిల్లలకూ తెలియదు, మనకూ తెలియదు.

ఆ పని ఎలా ఉండేదో తమ్ముళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. ఊళ్ల నుంచి పాఠకులు కథలు పంపేవారు. వాటిలో పనికొచ్చేది ఏరి, ఆయన దాన్ని మొదటి నుంచీ తిరగరాసేవారు. పెద్ద మాటలు తీసేసి, వాక్యాలు పొట్టి చేసి, ఎనిమిదేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యేట్టు మార్చేవారు. అచ్చులో కథ పంపినవారి పేరు ఉండేది, తిరగరాసినవారి పేరు ఉండేది కాదు. బేతాళుడి అసలు కథలు పాతికే. అవి అయిపోయాక కూడా ఆ చట్రంలో కొత్త కథలు పోసి వందలకొద్దీ నడిపారు. రామాయణ భారతాలు పిల్లల వచనంలోకి వచ్చాయి. గ్రీకు దేశపు హోమరు కథలు 'భువనసుందరి', 'రూపధరుని యాత్రలు' అయ్యాయి. హెలెన్ అన్న పేరు వినకముందే మేం ఆమె కథ చదివేశాం.

ఆ గదిలో పేరు లేనివాడు ఆయన ఒక్కరే కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు కూడా 1952లోనే చేరారు. 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' లాంటి పన్నెండు సీరియళ్లు ఆయనవే. ఒక్కదానికీ పేరు వేయలేదు. వాటికి బొమ్మలు వేసిన చిత్ర గారు బొమ్మ మూలన పొట్టి సంతకం పెట్టేవారు కాబట్టి ఆ పేరు కొంత తెలిసింది. మా మిత్రుడికి ఈ సంగతి చెబితే, బొమ్మలేసేవాళ్లు ఈ విషయంలో ఒక మెట్టు నయమని నవ్వాడు.

ఇలాంటిదే అమెరికాలో జరిగితే ఎలా తేలిందో చూడండి. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్ మొదటి కథను 130 డాలర్లకు కంపెనీకి ఇచ్చి, హక్కులు కూడా రాసిచ్చేశారు. కంపెనీ కోట్లు గడించింది. వాళ్లు కోర్టుకెక్కి పని పోగొట్టుకున్నారు. చాలా గొడవ జరిగాక 1975లో గానీ ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ, బొమ్మల కథ మీద పేరూ రాలేదు. వాళ్లకు సూపర్‌మ్యాన్ తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఇంకేమీ మిగల్లేదు. వాళ్లు తమ ప్రాణం మొత్తం ఆ ఒక్క కాగితంలో పెట్టేశారు.

కుటుంబరావు గారు అలా పెట్టలేదు. మాకు ఆయనలో నచ్చింది ఇదే. ఆఫీసులో పేరు లేని పని చేస్తూనే, బయట తన పేరుతో తాను రాయదలుచుకున్నదంతా రాశారు. 'చదువు', 'కులంలేని పిల్ల', 'వారసత్వం' లాంటి నవలలు, వందల కథలు, సినిమా మీద, మనస్తత్వం మీద, సమాజం మీద గుట్టలకొద్దీ వ్యాసాలు. మధ్యతరగతి వాళ్ల డబ్బు భయాన్ని, పెళ్లి బేరాలను మొహమాటం లేకుండా చూపించారు. ఆయన మార్క్సిస్టు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడితే అందులో చేరి ఉపాధ్యక్షుడిగా ఉన్నారు. పగలు రాజులు, రాకుమార్తెల కథలు దిద్దే మనిషి, రాజులూ జమీందార్లూ ఉండకూడదనే సంఘంలో ఉన్నారు. యజమానులు సినిమా స్టూడియో సొంతదార్లు. అయినా 1952 నుంచి చనిపోయేదాకా ఆ ఉద్యోగం నడిచింది. చక్రపాణి గారు ఆయన పని విలువ తెలిసినవారు కాబట్టి సాగిందని మేం అనుకుంటాం. అందరికీ అలాంటి యజమాని దొరకడు, ఈ మాట కూడా చెప్పాలి.

ఇందులో నష్టం లేదని మేం అనం. ఇరవై ఎనిమిదేళ్లు ఆ బల్ల దగ్గర పెట్టిన బుద్ధి ఇంకో పదిహేను నవలలు అయ్యేదేమో. చందమామలో రాసిన దాని మీద హక్కు సంస్థదే. ఆయన వచనం చదివి తెలుగు నేర్చుకున్న లక్షలమంది పిల్లల్లో ఆయనకు ఒక ఉత్తరం ముక్క రాయాలన్నా పేరు తెలిసినవాళ్లు తక్కువ. మరోవైపు, ఆ జీతమే లేకపోతే తన పేరుతో రాసుకున్న వాటిని అమ్ముడుపోయేట్టు వంచాల్సి వచ్చేది. ఆయన కథల్లో అలా వంచినది మాకు కనబడలేదు. మాలో ఇద్దరు దీన్ని లాభమంటే ఇద్దరు నష్టమన్నారు. టీ చల్లారిపోయిందిగానీ వాదన తేలలేదు.

1980 ఆగస్టు 17న మద్రాసులో ఆయన చనిపోయారు. తర్వాత కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో విశాలాంధ్ర వాళ్లు ఆయన రచనలను సంపుటాలుగా తెచ్చారు. చందమామ ఆయన తర్వాత మరో ముప్ఫై ఏళ్లు నడిచింది. 1998లో కార్మిక వివాదంతో ఏడాదికి పైగా ఆగి మళ్లీ మొదలైంది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ కంపెనీ చేతికి పోయింది. 2013 నాటికి పూర్తిగా ఆగిపోయింది. పేరు వేయని పత్రిక పోయింది, పేరుతో రాసుకున్న పుస్తకాలు ఇంకా దొరుకుతున్నాయి. మొన్న ఒకటి కొనుక్కొచ్చాం కూడా.

మా మిత్రుడు ఇంకా ఆ సంస్థలోనే ఉన్నాడు. ఆదివారాలు మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. కోట నుంచి కొత్తపట్నం సముద్రం దాకా సైకిల్ మీద వెళ్లిన ముగ్గురు హాస్టల్ పిల్లల కథను గళ్లు గీసి వేస్తున్నాడు. పద్నాలుగు పేజీలయ్యాయి. వాటి కింద తన పేరు ఉంది. ఈ సంచికతో పాటు 'చదువు' నవల ఒకటి, మా దగ్గరున్న పాత చందమామలు ఆరు హాస్టల్ లైబ్రరీకి పంపిస్తున్నాం. చందమామల అట్టలు జాగ్రత్త తమ్ముళ్లూ, మేం చింపినట్టు చింపకండి.