చార్లెస్ కెట్టరింగ్

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ (1876 ఆగస్టు 29 - 1958 నవంబరు) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త. కారు ఇంజనును చేతితో తిప్పే అవసరం లేకుండా విద్యుత్తుతో నడిపించే సెల్ఫ్ స్టార్టరును వాడకానికి అనువుగా రూపొందించి ప్రసిద్ధి చెందాడు. 1920 నుండి 1947 వరకు జనరల్ మోటార్స్ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నాడు. సీసము కలిపిన పెట్రోలు ప్రపంచమంతటా వ్యాపించడంలో కూడా ఇతనికి ముఖ్యపాత్ర ఉంది.

బాల్యము, విద్య

కెట్టరింగ్ ఓహియో రాష్ట్రంలోని లౌడన్‌విల్ వద్ద రైతు కుటుంబంలో జన్మించాడు. ఐదుగురు సంతానంలో ఇతను నాలుగవవాడు. చిన్ననాటి నుండి కంటిచూపు బలహీనంగా ఉండడం వలన ఎక్కువసేపు చదివితే తీవ్రమైన తలనొప్పి వచ్చేది. కొంతకాలం గ్రామీణ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కంటిజబ్బు వలన మధ్యలో చదువు మానుకొని, టెలిఫోను తీగలు వేసే పనిలో కుదిరాడు. తిరిగి విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. 1905లో ఆలివ్ విలియమ్స్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి యూజీన్ అనే కుమారుడు కలిగాడు.

నగదు యంత్రము

పట్టా పొందిన వెంటనే డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో చేరాడు. దుకాణాలలో వాడే నగదు యంత్రాన్ని అంతవరకు చేతిపిడితో తిప్పేవారు. దీనికి చిన్న విద్యుత్ మోటారును అమర్చి 1906 నాటికి పనిచేయించాడు. ఈ మోటారు రోజంతా తిరగనవసరం లేదు. ఒక్కొక్క అమ్మకానికి క్షణకాలం బలంగా లాగి ఆగిపోతే చాలు. కొద్ది సేపటికైతే చిన్న మోటారు చేత కూడా దాని సాధారణ శక్తికి మించిన పని చేయించవచ్చునని కెట్టరింగ్ గ్రహించాడు. తరువాతి ఆవిష్కరణకు ఇదే పునాది అయింది.

1909లో సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను ప్రారంభించాడు. డీడ్స్ ఇంటి వెనుకనున్న కొట్టమే వీరి తొలి ప్రయోగశాల. అక్కడ తయారైన ఇగ్నిషన్ వ్యవస్థను కాడిలాక్ కంపెనీ తన కార్లలో వాడింది.

సెల్ఫ్ స్టార్టరు

ఆ రోజులలో కారు ముందుభాగంలో ఇనుప హ్యాండిలు దూర్చి, బలంగా తిప్పి ఇంజనును ప్రారంభించేవారు. మంట ముందుగా అంటుకుంటే ఇంజను వెనుకకు తన్నేది. ఆ దెబ్బకు మణికట్టు, చేయి విరిగినవారు అనేకులు. బొటనవ్రేలిని మిగతా వ్రేళ్ళ వైపే ఉంచి పట్టుకోవాలని డ్రైవర్లకు నేర్పేవారు. కార్ల తయారీదారు బైరన్ కార్టర్ ఇటువంటి దెబ్బ వలన మరణించాడనీ, అది విని కాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్ స్టార్టరు కావాలని పట్టుబట్టాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కార్టర్ 1908లోనే మరణించాడు గనుక ఈ కథలోని వివరాలు సందేహాస్పదం.

విద్యుత్ స్టార్టరును ప్రయత్నించినవారు కెట్టరింగ్‌కు ముందే ఉన్నారు. కాని ఇంజనును తిప్పగల మోటారు, దానికి తగిన బ్యాటరీ కారులో పట్టనంత పెద్దవిగా ఉంటాయని చాలామంది ఇంజనీర్లు భావించారు. వారు నిరంతరం తిరిగే మోటారును లెక్కలోకి తీసుకున్నారు. కెట్టరింగ్ కొన్ని క్షణాలు మాత్రమే తిరిగే మోటారును దృష్టిలో పెట్టుకున్నాడు. ఇంజను నడిచిన తరువాత అదే యంత్రం జనరేటరుగా మారి, ఖర్చయిన విద్యుత్తును తిరిగి బ్యాటరీలో నింపేది. 1911 ఆరంభంలో దీనిని లేలండ్‌కు ప్రదర్శించారు. 1912 కాడిలాక్ కార్లలో విద్యుత్ స్టార్టరు, దీపాలు, ఇగ్నిషన్ కలిసి వచ్చాయి. దీనికి కాడిలాక్ బ్రిటన్‌లో డ్యూయర్ ట్రోఫీని అందుకుంది. కెట్టరింగ్‌కు పేటెంటు 1915లో లభించింది. ఫోర్డ్ మోడల్ టి కారుకు విద్యుత్ స్టార్టరు 1919లో వచ్చింది. భారతదేశంలో అంబాసిడర్ కార్లకు, జీపులకు చాలాకాలం వరకు హ్యాండిలు కూడా ఇచ్చేవారు.

స్టార్టరు తిరగకపోతే

తరువాతి కాలంలో స్టార్టరు, జనరేటరు వేరువేరు యంత్రాలయ్యాయి. అయినా కొద్ది సేపు పెద్ద విద్యుత్ ప్రవాహం ఇవ్వాలన్న మూలసూత్రం మారలేదు. అందువలన లోపాన్ని వెదకేటప్పుడు ఈ ప్రవాహం ఎక్కడ ఆగిందో చూడాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించి తాళంచెవి త్రిప్పితే చాలా సంగతులు తెలుస్తాయి.

* దీపాలు బాగా మందగిస్తే బ్యాటరీ బలహీనంగా ఉండవచ్చు, టెర్మినళ్ళు చిలుము పట్టి లేదా వదులై ఉండవచ్చు. అరుదుగా మోటారు గాని ఇంజను గాని బిగిసిపోయి ఉండవచ్చు.
* టకటకమని వరుసగా శబ్దం వస్తే సాధారణంగా బ్యాటరీలో చార్జి చాలదు.
* దీపాలు తగ్గకుండా ఒక్కసారి మాత్రమే టక్కుమంటే సోలెనాయిడ్ కాంటాక్టులు గాని, మోటారు బ్రష్షులు గాని అరిగి ఉండవచ్చు.
* శబ్దమే లేకపోతే తాళంచెవి స్విచ్చి, రిలే, క్లచ్ లేదా న్యూట్రల్ స్విచ్చి, సోలెనాయిడ్‌కు వెళ్ళే సన్నని తీగ పరీక్షించాలి.
* మోటారు తిరిగి ఇంజను తిరగకపోతే చిన్న పళ్ళచక్రం ఫ్లైవీల్ పళ్ళతో కలవడం లేదని గాని, దాని క్లచ్ జారుతున్నదని గాని అర్థం.

ఇంజను నుండి బాడీకి వెళ్ళే ఎర్త్ తీగను కూడా చూడాలి. దీపాలు వెలిగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నదనుకోరాదు. దీపాలకు కొద్ది ఆంపియర్లు చాలు, స్టార్టరుకు వంద ఆంపియర్లకు మించి కావలసి ఉంటుంది.

జనరల్ మోటార్స్‌లో

డెల్కో 1916లో యునైటెడ్ మోటార్స్‌లోను, ఆ సంస్థ 1918లో జనరల్ మోటార్స్‌లోను కలిసిపోయాయి. కెట్టరింగ్ నాయకత్వంలో త్వరగా ఆరే కారు రంగులు, రైలు ఇంజన్లకు తేలికైన డీజిల్ యంత్రాలు అభివృద్ధి చెందాయి. అపజయాలు కూడా ఉన్నాయి. నీటికి బదులు రాగిరేకులతో, గాలితో చల్లబరచే ఇంజనును 1923లో షెవ్రొలే కార్లలో ప్రవేశపెట్టగా, అది విఫలమై కార్లను వెనుకకు తెప్పించవలసి వచ్చింది.

సీసపు పెట్రోలు

ఇంజనులో వచ్చే నాకింగ్ శబ్దాన్ని అరికట్టడానికి ఇతని సహాయకుడు థామస్ మిడ్‌గ్లీ 1921లో టెట్రా ఇథైల్ లెడ్‌ను కనుగొన్నాడు. 1923లో దాని అమ్మకం మొదలైంది. 1924లో తయారీ కేంద్రాలలో కార్మికులు సీసపు విషంతో మరణించారు. అయినా దాని వాడకం శాశ్వతంగా ఆగలేదు. దానిని అమ్మిన ఇథైల్ కార్పొరేషన్‌కు కెట్టరింగే తొలి అధ్యక్షుడు. పొగతోపాటు గాలిలోకి వెళ్ళిన సీసము పిల్లల మెదడుకు హాని చేస్తుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. భారతదేశంలో 2000లో సీసపు పెట్రోలు అమ్మకం ఆగింది. 2021లో అల్జీరియా నిలిపివేయడంతో ప్రపంచంలో కార్లకు దాని అమ్మకం ముగిసింది. కారు నడిపేవారి చేతులను కాపాడిన ఇంజనీరు జీవితంలో ఇది విస్మరించరాని అధ్యాయం.

చివరి సంవత్సరములు

1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో స్లోన్-కెట్టరింగ్ క్యాన్సర్ పరిశోధన సంస్థను స్థాపించాడు. 1947లో పదవీ విరమణ చేశాడు. 1958లో డేటన్‌లో మరణించాడు. ఇతని పేరిట నూరుకు పైగా పేటెంట్లున్నాయి. ఓహియోలోని కెట్టరింగ్ నగరానికి, మిచిగన్‌లోని ఫ్లింట్‌లో ఉన్న కెట్టరింగ్ విశ్వవిద్యాలయానికి ఇతని పేరే పెట్టారు.