కలియుగ భీముడు కోడి రామమూర్తి

దేహబలము కూడ ఒక విద్యయే. తక్కిన విద్యలవలెనే దానికిని గురువు కావలెను, నియమము కావలెను, నిత్యసాధన కావలెను. ఈ సత్యమును తన జీవితముచే లోకమునకు చాటిన ఆంధ్రుడు కోడి రామమూర్తి నాయుడు.

ఆయన 19వ శతాబ్దపు చివరి భాగమున ఉత్తరాంధ్రమందలి వీరఘట్టములో జన్మించెను. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి ఆయన బాల్యముననే మరణించెను. బాలునకు పాఠములకంటె ఆటలయందును, కుస్తీయందును మక్కువ హెచ్చు. తండ్రి అతనిని విజయనగరమున పోలీసు శాఖలోనున్న బంధువు నారాయణస్వామి యొద్దకు పంపెను. అచ్చట ఆ బాలుడు చదువుకొనుచు వ్యాయామమును అభ్యసించి, యౌవనము నాటికి గొప్ప బలశాలి యయ్యెను.

బలమున్నంత మాత్రమున నొరులకు నేర్పు నేర్పు అలవడదు. కావుననే రామమూర్తి మద్రాసు చేరి, సైదాపేట కళాశాలలో ఒక సంవత్సరము వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొందెను. పిదప విజయనగరమునకు మరలివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడై పిల్లలకు శిక్షణ నిచ్చెను.

తరువాత ఆయన పొట్టి పంతులు అను మిత్రుని తోడ్పాటుతో సర్కసు సంఘమును స్థాపించి దేశమంతట ప్రదర్శనము లిచ్చెను. కదలిపోవు కార్లను గొలుసులతో పట్టి నిలిపెడివాడు. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనెడివాడు. ఉక్కు గొలుసును రొమ్మునకు బిగించి కట్టించుకొని, ఊపిరి నిండుగ పీల్చి దానిని త్రెంచివేసెడివాడు.

ఇందలి రహస్యము శ్వాసయందున్నది. మన రొమ్మునందు 12 జతల ప్రక్కటెముకలున్నవి. వాని నడుమ కండరములును, క్రింద ఉదరమును వేరుచేయు పొరవంటి కండరమును కలవు. ఊపిరి పీల్చునపుడు ప్రక్కటెముకలు పైకి లేచును, ఆ పొర క్రిందికి దిగును, రొమ్ము విశాలమగును. ప్రాణాయామమున ఆరితేరిన రామమూర్తి ఈ కండరముల నన్నిటిని తన వశము చేసికొనెను. ఆయన శాకాహారియై మితమైన జీవనము గడపెను. ఇంచుమించుగ అదే కాలమున, 1883లో జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ అను రోగిష్ఠి బాలుడును శ్వాసను, కండరములను క్రమపరచు వ్యాయామ పద్ధతిని రూపొందించి అమెరికాలో ప్రసిద్ధికెక్కెను. దేశములు వేరైనను ఇరువురును శ్వాసకే ప్రాధాన్య మిచ్చిరి.

రామమూర్తి ఇంగ్లండునకు పోయి ఐదవ జార్జి చక్రవర్తి యెదుట తన విద్యను ప్రదర్శించెను. ఇండియన్ హెర్క్యులస్, కలియుగ భీమ, మల్లమార్తాండ అను బిరుదులు ఆయనను వరించెను. ఆర్జించిన ధనమును దానధర్మములకు ధారాళముగ వెచ్చించెను.

అంతటి మహాబలునకును కష్టకాలము వచ్చెను. కాలికి వ్యాధి సోకగా దానిని తొలగింపవలసి వచ్చెను. మత్తుమందు పుచ్చుకొనక, ప్రాణాయామబలముననే ఆ శస్త్రచికిత్సను ఓర్చుకొనెనని చెప్పుదురు. ఏనుగును మోసిన దేహము క్రమముగ క్షీణించెను. సంపదయు తరిగెను. ఒరిస్సాలోని బలంగీరులో 1942లో ఆయన కన్నుమూసెను.

నేడు విశాఖపట్టణ సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. బలము వయసుతో తరిగిపోవును, బిరుదులు కాలముతో మరుగుపడును. కాని నియమముతో దేహమును సాధించుకొని, దానిని పదుగురికి నేర్పిన ఉపాధ్యాయుని కీర్తి చిరకాలము నిలుచును.