తీసేయాలా అని అడగొద్దన్న మనిషి

మూడో ఏడాది మినీ ప్రాజెక్టుకి మేం నలుగురం కలిసి ఒక తెలుగు టెక్స్ట్ ఎడిటర్ చేశాం. స్పెల్‌చెక్, పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చేది, పదాల లెక్క, ఇవన్నీ అందులో విడివిడి ప్లగిన్లు. వాటిని వేసుకోడానికి, అప్‌డేట్ చేసుకోడానికి, తీసేయడానికి ఒక స్క్రీన్ కావాలి. అది నా వాటా. అందరికన్నా తేలిక పని నాకే వచ్చిందని మురిసిపోయాను.

సెలవులకి రేపల్లె వెళ్లినప్పుడు, డీటీపీ పని చేసే మా పెద్దమ్మ కూతురికి ఇచ్చి వాడి చూడమన్నాను. రెండు నెలలు వాడింది. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, పెళ్లికార్డుల్లో వచ్చే మాటలు స్పెల్‌చెక్‌కి ఒక్కొక్కటే నేర్పుకుంది. ఒకరోజు అప్‌డేట్ నొక్కబోయి పక్కనే ఉన్న తొలగించు నొక్కింది. నిజంగా తీసేయాలా అని నా స్క్రీన్ అడిగింది. అవును అని నొక్కేసింది. నేర్పిన మాటలన్నీ పోయాయి. ఫోన్ చేసి, తప్పు తనదేనని, చూసుకోలేదని చెప్పింది అక్క. పైకి అనలేదు గానీ, నేనూ అదే అనుకున్నాను.

తర్వాత బాపట్ల వస్తూ, తెనాలిలో బండి మారడానికి ప్లాట్‌ఫాం మీద గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు తెరిచిన పుస్తకం జెఫ్ రాస్కిన్ 2000లో రాసిన ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్. మ్యాకింటాష్ అంటే మనకి స్టీవ్ జాబ్స్ గుర్తొస్తాడు. ఆ ప్రాజెక్టు మొదలుపెట్టి, తనకిష్టమైన యాపిల్ పండు రకం పేరు దానికి పెట్టింది మాత్రం రాస్కిన్.

1943లో న్యూయార్క్‌లో పుట్టాడు. లెక్కలు, ఫిజిక్స్, ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ చదివాడు. శాండియేగోలో పాఠాలు చెప్పింది మాత్రం కళల విభాగంలో. సంగీతం, మోడల్ విమానాల పిచ్చి కూడా ఉండేవి. 1978లో యాపిల్‌లో 31వ ఉద్యోగిగా చేరాడు, మాన్యువల్స్ రాయించే విభాగానికి పెద్దగా. నాకైతే అసలు సంగతి ఇక్కడే ఉందనిపిస్తుంది. ఏ బొమ్మ గురించి రెండు పేజీలు వివరించాల్సి వస్తోందో రాసేవాడికే కదా తెలిసేది! 1979లో మ్యాకింటాష్ మొదలైంది. 1981లో జాబ్స్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఇద్దరికీ పడలేదు. 1982లో రాస్కిన్ బయటికొచ్చేశాడు.

1987లో ఆయన డిజైన్‌తో కానన్ క్యాట్ వచ్చింది. మౌస్ లేదు. స్పేస్‌బార్ కింద రెండు లీప్ మీటలుండేవి. ఒకటి నొక్కి పట్టుకుని కావాల్సిన మాట కొడుతుంటే కర్సర్ అక్కడికి దూకుతుంది, వేలు తీస్తే మళ్లీ మామూలు టైపింగే. సుమారు 20 వేలు అమ్ముడయ్యాక ఆపేశారు.

పుస్తకంలో ఆయన అసలు అప్లికేషన్లే వద్దంటాడు. కావాల్సిన ఆదేశాల కట్టలు తెచ్చుకుని, రాసుకునే చోటే కలుపుకోవాలట. అంటే దాదాపు మా ప్లగిన్లే! ఇంకోచోట నా స్క్రీన్ సంగతే ఉంది. ప్రతిసారీ తీసేయాలా అని అడిగితే, అవును అనడం కూడా వేలికి అలవాటైపోతుంది, మనసు చదివేలోపే నొక్కేస్తుంది. కాబట్టి అడగడం మానేసి, చేసింది వెనక్కి తిప్పుకునే దారి ఇవ్వాలి. మనిషి చేసుకున్న పనికి మెషీన్ హాని చేయకూడదన్నది ఆయన మొదటి సూత్రం. ఇది చదివేసరికి అక్క ఫోన్ గుర్తొచ్చి సిగ్గేసింది.

అన్నిటికీ నేను ఒప్పుకోను. ఆదేశాలన్నీ గుర్తుపెట్టుకోమంటే మా అక్క బటన్ ఏదిరా అంటుంది. ఆయన 2005 ఫిబ్రవరి 26న క్యాన్సర్‌తో పోయాడు, ఆర్చీ అనే చివరి ప్రయత్నం పూర్తికాకుండానే. నేను పుట్టిందీ ఆ ఏడాదే.

స్క్రీన్ మార్చాను. తొలగించుని అప్‌డేట్‌కి దూరంగా జరిపాను. ప్రశ్న లేదు. తీసేసిన ప్లగిన్ దాని మాటలతో సహా కింద ఒక వరసలో ఉంటుంది, ఒక్క నొక్కుతో వెనక్కి వస్తుంది. అంతకుముందు పోయినవి మాత్రం రాలేదు. మొన్న దసరాకి వెళ్లి, పాత పెళ్లికార్డుల ఫైళ్లు తెరిచి ఇద్దరం మళ్లీ ఎక్కించాం. ఊళ్ల పేర్లు భట్టిప్రోలు, వేమూరు దాకా అయ్యాయి. ఇంటిపేర్లు ఇంకా ఉన్నాయి.