పరాయి గడ్డపై డాక్టర్‌ హమీదుల్లాహ్‌ (రహ్మలై)

కర్నూలు, కడప ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళి ఒంటరిగా బతుకుతున్న వారి మనోవేదన మన ఇళ్ళకు కొత్త కాదు. అలాంటి ఒంటరితనాన్నే దశాబ్దాల పాటు భరించిన ఒక హైదరాబాదు విద్వాంసుని గురించి తెలుసుకుందాం.

డాక్టర్‌ ముహమ్మద్‌ హమీదుల్లాహ్‌ 1908లో జన్మించారు. ఉస్మానియాలో చదివి, బాన్‌, పారిస్‌లలో డాక్టరేట్లు పొందారు. 1948లో నిజాం ప్రభుత్వం తరఫున ఐక్యరాజ్య సమితికి వెళ్ళిన బృందంలో ఆయన ఉండగానే ఇక్కడ ఆ రాజ్యం అంతరించింది. ఆయన పారిస్‌లో శరణార్థి అయ్యారు. పెళ్ళి చేసుకోలేదు, ఫ్రెంచి పౌరసత్వమూ తీసుకోలేదు.

ఆ మనసు ఎంత నొచ్చిందో అల్లాహ్‌కే ఎరుక. నమాజు చేసుకుని తలుపు వేసుకుని కూర్చుంటే చాలుననుకునే వారు మనలో ఉన్నారు. ఆయన అలా కూర్చోలేదు. గ్రంథాలయాలకు వెళ్ళారు. హజ్రత్‌ అబూ హురైరా (రజి) శిష్యులైన హమ్మామ్‌ బిన్‌ మునబ్బిహ్‌ హదీసు సంకలనం ప్రతులను దమస్కస్‌, బెర్లిన్‌లలో గుర్తించి ప్రచురించారు. 1959లో ఆయన ఫ్రెంచి ఖుర్‌ఆన్‌ అనువాదం వెలువడింది. మాకు ఇంకా గొప్పగా తోచేది మరొకటి: ఆయన మనుషులకు దూరం కాలేదు. పరదేశంలో చదువుకునే ముస్లిం విద్యార్థుల కోసం 1963లో సంఘం స్థాపించారు.

1996లో జబ్బుపడి అమెరికాలోని బంధువుల వద్దకు చేరారు. 2002 డిసెంబరు 17న అక్కడే కన్నుమూశారు.