ఇయాన్ డొనాల్డ్ – కడుపులోని బిడ్డను చూపించిన డాక్టరు

గర్భిణీ స్త్రీకి స్కానింగ్ తీస్తారని మనందరికీ తెలుసు. దాన్ని కాన్పుల వైద్యంలోకి తెచ్చిన ఇయాన్ డొనాల్డ్ గురించి మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన 1910 డిసెంబర్ 27న ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో జన్మించారు. తర్వాత కుటుంబం దక్షిణాఫ్రికా వెళ్ళింది. అక్కడ చదువుకునే వయసులోనే కొద్ది నెలల తేడాతో అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్నారు. అమ్మానాన్నలు లేని చదువు ఎలా ఉంటుందో మన హాస్టల్లో కొందరికి చెప్పనక్కర్లేదు. ఆయన చదువు ఆపలేదు. 1937లో లండన్‌లో డాక్టరయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేస్తూ రాడార్, సోనార్‌ల గురించి తెలుసుకున్నారు. 1954లో గ్లాస్గోలో ప్రొఫెసరయ్యారు. మరుసటి ఏడాది జులైలో ఆయన చేసిన పని వింటే నవ్వొస్తుంది. ఆపరేషన్లలో తీసిన గడ్డలను రెండు కార్ల డిక్కీల్లో వేసుకుని బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్ళారు! లోహంలో పగుళ్ళు పట్టే యంత్రం అక్కడ ఉంది. పోల్చి చూడటానికి మాంసం ముక్క కూడా తెప్పించారు. నీటితిత్తికి ఒకలా, గట్టి గడ్డకు మరోలా ప్రతిధ్వని వచ్చింది. ఇంజనీరు టామ్ బ్రౌన్, డాక్టర్ జాన్ మెక్‌వికార్‌లతో కలిసి 1958లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. నయంకాని క్యాన్సర్ అనుకున్న ఒకామెకు ఉన్నది అండాశయంలో నీటితిత్తి అని ఈ యంత్రమే చెప్పింది. దాన్ని తీసేశారు, ఆమె బతికింది.

మూత్రాశయం నిండుగా ఉంటే తొలి నెలల గర్భం కూడా కనబడుతుందని 1963లో గమనించారు. స్కానింగ్ సెంటర్ల ముందు మన అక్కలు నీళ్ళు తాగుతూ కూర్చోవడం వెనుక కథ ఇదే.

ఆయన దగ్గర పనిచేసిన స్టువర్ట్ క్యాంప్‌బెల్ 1972లో, పుర్రె పైభాగం ఏర్పడని శిశువును 17వ వారంలోనే గుర్తించినట్టు ప్రకటించారు. అలాంటి బిడ్డ బతకదు. అంతకుముందు తల్లి తొమ్మిది నెలలూ మోసి, కాన్పునాడే ఆ సంగతి తెలుసుకునేది. గుండె లోపమైతే ముందే తెలిస్తే పెద్దాసుపత్రిలో పురుడు పోయవచ్చు, పుట్టగానే వైద్యం అందుతుంది. అందుకే అయిదో నెలలోపు స్కానింగ్ తీయించమంటారు. మన ఊళ్ళలో ఇప్పటికీ ఏడో నెల దాకా ఆసుపత్రి గడప తొక్కని ఇళ్ళున్నాయి.

డొనాల్డ్‌కు దైవభక్తి ఎక్కువ. బ్రిటన్‌లో 1967లో వచ్చిన గర్భస్రావ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు. బిడ్డల్ని కాపాడాలని తెచ్చిన యంత్రమే కొన్ని గర్భాలు తీసేయడానికి కారణమవడం ఆయనకు నచ్చలేదు. ఆ తల్లుల బాధ వైపు నుంచి చూస్తే ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. మన దేశంలోనైతే అదే యంత్రంతో ఆడపిల్లల్ని ఏరివేశారు, దాన్ని ఆపడానికి 1994లో చట్టం తేవలసి వచ్చింది.

ఆయనది జబ్బు గుండె. మూడుసార్లు పెద్ద ఆపరేషన్లు జరిగాయి. 1987 జూన్ 19న కన్నుమూశారు.