తండ్రి అప్పు, ఒక ఒంటె

ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసు. తండ్రి లేరు. ఇంటినిండా చెల్లెళ్లు. గుమ్మంలో అప్పులవాళ్లు. ఇలాంటి కష్టంలో ఉన్న కుర్రాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. మా దగ్గర చదువుకుని వెళ్లినవారిలోనూ కొందరున్నారు. వాళ్లు వచ్చి కూర్చుంటే మేము చెప్పేది హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) వృత్తాంతమే.

జాబిర్ (రజి) మదీనా అన్సారీ. తండ్రి అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) హిజ్రీ 3లో, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్‌లో షహీద్ అయ్యారు. చెల్లెళ్లను చూసుకొమ్మని ఆ రోజు కొడుకును ఇంటి దగ్గరే ఉంచి తాను యుద్ధానికి వెళ్లారు. ఆ చెల్లెళ్లు ఏడుగురని కొన్ని రివాయతుల్లో, తొమ్మిదిమంది అని కొన్నింటిలో ఉంది. ఆయన వదిలి వెళ్లిన అప్పు 30 వసఖుల ఖర్జూరం. ఒక వసఖ్ అంటే 60 సాలు. ఫిత్రా లెక్క కట్టేటప్పుడు మనం వాడే సా ఇదే. ఈ లెక్కన బాకీ 1800 సాలు! ఆస్తి అంటే ఒక ఖర్జూర తోట.

ఋణదాత గడువు ఇవ్వలేదు. తోట కాపు మొత్తం తీసుకుని బాకీ వదిలెయ్యమని దైవప్రవక్త (స) స్వయంగా సిఫారసు చేసినా ఒప్పుకోలేదు. చెల్లెళ్ల దగ్గరికి ఒక్క పండు కూడా తీసుకువెళ్లలేకపోయినా సరే, తండ్రి బాకీ తీరితే చాలు అన్నదే అప్పుడు జాబిర్ (రజి) కోరిక. పస్తులుంటామేమో అన్న దిగులు కన్నా తండ్రి మెడ మీద అప్పు ఉండిపోతుందేమో అన్న దిగులే ఆయనకు ఎక్కువ. ప్రవక్త (స) తోటలోకి వచ్చి చెట్ల మధ్య నడిచారు. కాయ కోసి కొలవమన్నారు. 30 వసఖులూ తీరగా ఇంకా 17 వసఖులు మిగిలాయి. బర్కత్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే మేము ఈ తోటనే చూపిస్తాం.

తరువాత నికాహ్. వయసులో ఉన్న యువకుడు, కన్యను చేసుకోవచ్చు. అయినా ఆయన అంతకుముందు పెళ్లయిన స్త్రీని చేసుకున్నారు. చెల్లెళ్ల ఈడు పిల్లను తెస్తే ఆమె కూడా వాళ్లతో పాటు ఆడుకుంటుంది. వాళ్లకు తల దువ్వి, మంచీ చెడూ నేర్పే మనిషి కావాలని ఆయన ఆలోచన. ప్రవక్త (స) ఈ మాట విని మెచ్చుకున్నారు. ఇంట్లో తివాచీలు ఉన్నాయా అని కూడా ఆయనను ఒకసారి అడిగారు. మాకెక్కడివి అన్నారు జాబిర్ (రజి). ముందు ముందు వస్తాయని ప్రవక్త (స) చెప్పారు. మన ఇళ్లలో జహేజ్ జాబితా మంచం, బీరువాతో మొదలవుతుంది. ఆ ఇంట్లో పరుచుకోవడానికి తివాచీ కూడా లేదు. నిజంగానే తర్వాత రోజుల్లో తివాచీలు వచ్చాయి. వాటిని తీసెయ్యమని ఆయన అంటే, భార్య ఆ పాత మాట గుర్తుచేసేవారు. ఆయన ఊరుకునేవారు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒకసారి జాబిర్ (రజి) మాంసం పట్టించుకుని వెళుతూ ఆయన కంటబడ్డారు. ఇంట్లో తినాలనిపిస్తే ఒక దిర్హమ్ పెట్టి కొన్నానన్నారు. పొరుగువాడి కోసం, బంధువు కోసం కాస్త కడుపు మాడ్చుకోలేరా అని ఉమర్ (రజి) గట్టిగానే అడిగారు. మాకు మాత్రం ఈ ఘటనలో జాబిర్ (రజి) మీద జాలే కలుగుతుంది. అన్నేళ్లు బరువు మోసిన మనిషికి ఒక పూట మాంసం తినాలనిపించదా?

అదే మనిషి ఒక్క హదీసు వినడానికి ఒంటె కొని, నెల రోజులు ప్రయాణం చేసి షామ్ వెళ్లారు. దానికి మాత్రం ఖర్చు చూసుకోలేదు.

ఒంటె అంటే ఇంకొకటి ఉంది. పెళ్లయిన కొత్తలో ఒక యుద్ధయాత్ర నుంచి తిరిగి వస్తుంటే ఆయన ఒంటె నడవలేక అందరికన్నా వెనకబడింది. ప్రవక్త (స) దాన్ని అదిలించగానే పరుగందుకుంది. అమ్ముతావా అని అడిగి, బేరం చేసి, ఒక ఊఖియా వెండికి, అంటే 40 దిర్హములకు, ఖాయం చేశారు. మదీనా దాకా ఎక్కి వెళ్లవచ్చన్న షరతు కూడా ఒప్పుకున్నారు. మదీనా చేరాక హజ్రత్ బిలాల్ (రజి) వెండి తూచి, పైన కొంచెం మొగ్గు వేసి ఇచ్చారు. జాబిర్ (రజి) సొమ్ము తీసుకుని వెళ్లిపోతుంటే ప్రవక్త (స) వెనక్కి పిలిపించారు. ఒంటెను కూడా తోలుకుపొమ్మన్నారు. అవసరంలో ఉన్న యువకుడి చెయ్యి కింద కాకుండా, బేరం పేరుతో ఇచ్చిన సాయం అది.

పైన వేసిన ఆ కాస్త వెండిని జాబిర్ (రజి) ఖర్చు చేయలేదు. సంచిలో వేసి దాచుకున్నారు. ఇంట్లో చేతిలో కాసు లేని రోజులు ఎన్ని వచ్చి ఉంటాయో! సంచి మాత్రం విప్పలేదు. హిజ్రీ 63లో, క్రీ.శ. 683లో, హర్రా యుద్ధంనాడు షామ్ సైనికులు మదీనాను దోచుకున్నప్పుడు ఆ సంచి పోయింది. అప్పటికి ఆయన వృద్ధులు.